ఇంజెక్షన్ సంగతి మా ఆవిడకు తెలియదు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయన వయసు 34. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా అమెరికా టైమింగ్స్‌లో రాత్రి షిఫ్టు. తెల్లారి ఐదింటికి పడుకుంటే పదింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. బరువు 96 కిలోలు. గురక భరించలేక భార్య దిండు పట్టుకుని హాల్లోకి వెళ్లి పడుకుంటుంది. షుగర్ ఇంకా రాలేదు కానీ మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.1 ఉంది, అంటే అంచున ఉన్నట్టే. పెళ్లై ఐదేళ్లు. రెండేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నారు.

ఏడాదిగా ఒళ్లంతా నీరసం, దేనిమీదా ఆసక్తి లేదు, భార్య దగ్గరికి వెళ్లాలన్నా బెంగ. ఆఫీసులో పెట్టిన హెల్త్ చెకప్‌లో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 238 అని వచ్చింది. ఆ అంకె పక్కన 'ఎల్' అన్న అక్షరం, కిందికి చూపే బాణం గుర్తు. రక్తం ఇచ్చింది సాయంత్రం నాలుగింటికి, భోజనం చేశాక. వైరల్ ఫీవర్ తగ్గి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. జిమ్‌లో ట్రైనర్‌కి ఫోన్‌లో ఆ రిపోర్టు చూపిస్తే, "అన్నా, ఇది అరవై ఏళ్లాయన నంబరు. రెండు నెలల్లో సెట్ చేస్తా" అన్నాడు. వారానికొకటి, 250 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్. ఇప్పటికి ఏడు అయ్యాయి. మూడో వారం నుంచే హుషారు వచ్చింది, కోరిక తిరిగొచ్చింది, ఆఫీసులో "ఏంటి, కళగా ఉన్నావ్" అంటున్నారు.

ఇదే ఏడు వారాల్లో భార్యకు పరీక్షలు నడిచాయి. గర్భనాళాలు మూసుకుపోయాయేమో చూసే ఎక్స్‌రే పరీక్ష చేయించుకొచ్చిన రోజు, సాయంత్రమంతా పొట్ట మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అన్నీ నార్మల్ వచ్చాయి. ఇప్పుడు డాక్టర్ ఈయన వీర్య పరీక్ష అడిగారు. వచ్చే సోమవారం. ఎనిమిదో ఇంజెక్షన్ ఈ శనివారం. మిగిలిన రెండు సీసాలు స్కూటర్ డిక్కీలో రెయిన్‌కోటు కింద ఉన్నాయి. ఇవి వాడితే పిల్లలు పుట్టరని ఎక్కడో విన్నారు. ట్రైనర్ "అదంతా భయపెట్టే మాట" అని కొట్టిపారేశాడు.

ఇంకొక్క విషయం రాశారు. మొన్న నాగుల చవితికి వాళ్ల అమ్మ కోడలితో పుట్టలో పాలు పోయించి, అక్కడున్న నలుగురితో "మా వంశంలో మగాళ్లకి ఏ లోపమూ లేదమ్మా" అన్నారట. ఈయన పక్కనే కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు.

"ఆపితే మళ్లీ ఆ చచ్చుబడిన మనిషినే అయిపోతాను. ఆపకపోతే ఏమవుతుందో తెలియదు. గుండెకు ప్రమాదమా? జీవితాంతం తీసుకోవాల్సిందేనా? మా ఆవిడకు చెబితే నా మొహం చూస్తుందా? ఏం చేయమంటారు?"

*

శనివారం దగ్గర పడుతోంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పి, తర్వాత మిగతా మాటలకు వస్తాను.

మీరు విన్నది నిజం. బయటి నుంచి టెస్టోస్టెరాన్ తీసుకుంటే వీర్యకణాల తయారీ తగ్గిపోతుంది. చాలామందిలో పూర్తిగా ఆగిపోతుంది. ఏ పదివేలలో ఒకరికో వచ్చే సైడ్ ఎఫెక్టు అనుకోకండి, ఆ మందు పనిచేసే తీరే అంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్లకు గర్భనిరోధక ఇంజెక్షన్‌గా పరీక్షించింది కూడా. పలు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, ఫలితాలను 1990లో ప్రచురించారు. మీరు తీసుకుంటున్నది వారానికి 250. అంటే ఒకే ఇంట్లో ఆమె పిల్లల కోసం మందులు, పరీక్షలు అంటూ తిరుగుతుంటే, మీరు తెలియక గర్భనిరోధకం వాడుతున్నారు. మాట కటువుగా ఉందని నాకు తెలుసు. మెత్తగా చెబితే శనివారం దాటిపోతుందని ఇలా చెబుతున్నాను.

ఎందుకిలా జరుగుతుందో అర్థమైతే తర్వాతి నిర్ణయాలు తేలికవుతాయి. మీ అపార్ట్‌మెంటు పైన ట్యాంకు ఉంటుంది కదా. వాచ్‌మన్ ట్యాంకు చూసి, నీళ్లు తగ్గితే బోరు మోటారు వేస్తాడు. అదే బోరు నుంచి ఒక పైపు నేరుగా కింద మొక్కలకు పోతుంది. ఇప్పుడు మీరు బయటి నుంచి ట్యాంకర్ తెప్పించి ట్యాంకు నింపారనుకోండి. వాచ్‌మన్‌కి ట్యాంకు నిండుగా కనిపిస్తుంది, మోటారు వేయడు. కుళాయిల్లో నీళ్లు ధారాళంగా వస్తుంటాయి. మొక్కలు మాత్రం ఎండిపోతాయి.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఆ వాచ్‌మన్. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లతో అది వృషణాలకు 'పని మొదలుపెట్టండి' అని కబురు పంపుతుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ దండిగా కనిపిస్తే కబురు ఆపేస్తుంది. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణం లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. అది అక్కడే తయారవ్వాలి, తొడలోకో పిరుదులోకో ఎక్కించిన ఇంజెక్షన్ ఆ లోటు తీర్చలేదు. అందుకే మీకు కోరిక, కండ, హుషారు అన్నీ పెరిగాయి. సోమవారం రిపోర్టులో సంఖ్య మాత్రం బాగా పడిపోయి ఉండొచ్చు, సున్నా కూడా రావొచ్చు.

సున్నా వస్తే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. మీ డాక్టర్‌కి ఇంజెక్షన్ల సంగతి తెలియదు. వీర్యకణాలు ఎందుకు లేవో వెతకడం మొదలుపెడతారు. క్రోమోజోముల పరీక్ష, స్కానింగులు, బయాప్సీ, చివరికి దాత వీర్యం గురించి మాట్లాడేదాకా పోవచ్చు. ఏవో కొన్ని కణాలు కనిపిస్తే ఐవీఎఫ్ అంటారు. ఐవీఎఫ్ అంటే రోజూ ఇంజెక్షన్లు పొడిపించుకునేది ఆమె, మత్తు ఇచ్చి అండాలు తీయించుకునేది ఆమె. కారణం స్కూటర్ డిక్కీలో ఉందని ఒక్క మీకు తప్ప ఎవరికీ తెలియకుండా ఇదంతా జరిగిపోతుంది.

ఇప్పుడు మంచి మాట. ఇది చాలామటుకు వెనక్కి వచ్చే నష్టమే. ఆ గర్భనిరోధక పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ల వివరాలన్నీ ఒకచోట చేర్చి 2006లో లెక్క తీశారు. ఇంజెక్షన్లు ఆపిన 6 నెలల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి, ఏడాదిలో 90 శాతం మందికి వీర్యకణాలు మిల్లీలీటరుకు రెండు కోట్ల స్థాయికి తిరిగి వచ్చాయి. మిగిలినవాళ్లకూ రెండేళ్లలోపు వచ్చాయి. వాళ్లంతా మొదట్లో మామూలుగా ఉన్నవాళ్లు. మీకు ముందు ఎంత ఉండేదో ఎప్పుడూ పరీక్ష చేయలేదు కాబట్టి ఆ అంకెలను హామీ అనుకోకండి. అయినా మీరు వాడింది ఏడు వారాలే, ఏళ్ల తరబడి వాడినవాళ్లతో పోలిస్తే మీ పరిస్థితి ఎంతో నయం. ఆపిన వెంటనే ఫలితం కనబడదు. ఒక వీర్యకణం తయారై బయటికి రావడానికే సుమారు మూడు నెలలు పడుతుంది.

ఇక ఆ 238 దగ్గరకు వద్దాం. మీ ఉత్తరమంతా ఆ అంకె చుట్టూనే తిరిగింది. ఆ అంకె మీద నాకైతే నమ్మకం లేదు.

చాలా ల్యాబుల్లో మామూలు స్థాయి డెసిలీటరుకు 300 నుంచి 1000 నానోగ్రాముల దాకా అని వేస్తారు. ఆ అంకెలు పొద్దున తీసిన రక్తాన్ని బట్టి పెట్టినవి. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. భోజనం చేశాక ఇంకాస్త తగ్గుతుంది. జ్వరం వచ్చిపోయిన కొత్తలో తక్కువగా ఉంటుంది. అందుకే ఒక్క పరీక్షతో ఎవరికీ లోపం ఉందని తేల్చకూడదు. వేర్వేరు రోజుల్లో, పొద్దున్నే, పరగడుపున, కనీసం రెండుసార్లు చూడాలి. మీరు ఇచ్చింది సాయంత్రం, అన్నం తిన్నాక, జ్వరం నుంచి లేచి పది రోజులైనా కాకముందే. పైగా రాత్రి షిఫ్టు మనిషికి పొద్దున ఏది, సాయంత్రం ఏది? ఆ రిపోర్టు మీద ముద్ర వేసిన ల్యాబుకి ఇవేవీ తెలియవు. ఇవేవీ అడగని ట్రైనర్ మీకు మందు ఎక్కించాడు.

నిద్ర సంగతి చూడండి. షికాగోలో పది మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను ఒక వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు. వాళ్ల టెస్టోస్టెరాన్ పగటిపూట 10 నుంచి 15 శాతం తగ్గింది. 2011లో వచ్చిన పరిశోధన అది. వారానికే అంత. మీరు మూడేళ్లుగా అదే ఐదు గంటలు పడుకుంటున్నారు. ఇక మీ గురక. హాల్లోకి దిండు మోసుకెళ్లే స్థాయి గురక ఉంటే, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందేమో చూడాలి, దాన్నే స్లీప్ ఆప్నియా అంటారు. అది ఉంటే ఎన్ని గంటలు పడుకున్నా నిద్ర పట్టినట్టుండదు, పొద్దున లేస్తూనే నీరసం. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ దాన్ని ఇంకా పెంచగలదు కూడా. 96 కిలోల బరువు, అంచుకు చేరిన షుగర్ కూడా మొత్తం టెస్టోస్టెరాన్ అంకెను తక్కువ చేసి చూపిస్తాయి. ఆ హార్మోన్‌ను రక్తంలో మోసే ప్రొటీన్ ఊబకాయంలో తగ్గుతుంది, దాంతో మొత్తం లెక్క తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే కొందరికి 'ఫ్రీ టెస్టోస్టెరాన్', అంటే ఆ ప్రొటీన్‌కు అతుక్కోకుండా విడిగా ఉన్నది, కూడా చూడాల్సి వస్తుంది.

అలాగని మీకు నిజంగా లోపం లేదని నేను అనలేను. ఉండొచ్చు. ఈ హార్మోన్ చికిత్స అవసరమైనవాళ్లు నిజంగానే ఉన్నారు. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉన్నవాళ్లు, చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగనివాళ్లు, గవద బిళ్లలు వచ్చి వృషణాలు దెబ్బతిన్నవాళ్లు, పిట్యూటరీలో గడ్డ ఉన్నవాళ్లు, క్యాన్సర్‌కు కీమో తీసుకున్నవాళ్లు. వాళ్లకు ఇది ఇన్సులిన్ లాంటిది. ఎముకలు గట్టిపడతాయి, ఒంట్లో సత్తువ వస్తుంది, మనిషి మనుషుల్లో పడతాడు. అలాంటివాళ్లలో చాలామంది జీవితాంతం తీసుకుంటారు. వాళ్లకు కూడా పిల్లలు కావాలనుకునే రోజుల్లో డాక్టర్లు ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టరు, వేరే దారి చూస్తారు. మరో సంగతి, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి టెస్టోస్టెరాన్ తగ్గితే, ప్రొలాక్టిన్‌ను తగ్గించే మాత్ర వేసుకుంటే చాలామటుకు అదే సర్దుకుంటుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ చూడకుండా ఇంజెక్షన్ ఇవ్వడమంటే, కరెంటు పోయిందా, మోటారు కాలిందా, బోరే ఎండిందా చూడకుండా ట్యాంకర్‌కి ఫోన్ చేయడమే.

మీ మోతాదు మాటకొస్తే, నిజమైన లోపానికి ఇచ్చే వారం ఇంజెక్షన్ సాధారణంగా 75 నుంచి 100 మిల్లీగ్రాములు. మీకు వేసింది దానికి రెండింతల పైమాటే. కాబట్టి మూడో వారం నుంచి మీకు వచ్చిన హుషారు 'నార్మల్ మనిషి' హుషారు అనుకోకండి, నార్మల్‌ను దాటిన హుషారు అది. ఆ పోలికతో చూస్తే ఎవరి మామూలు జీవితమైనా చప్పగానే ఉంటుంది.

గుండె గురించి అడిగారు. 2023లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. 45 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు లేదా వచ్చే అవకాశం ఎక్కువ ఉన్నవాళ్లు, టెస్టోస్టెరాన్ రెండుసార్లు 300 కంటే తక్కువ వచ్చినవాళ్లు, మొత్తం ఐదు వేల పైచిలుకు మంది. సగం మందికి టెస్టోస్టెరాన్ జెల్, సగం మందికి ఉత్త జెల్ ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం మందు వాడినవాళ్లలో కొంత ఎక్కువగా కనిపించాయి. వాళ్లందరికీ రక్త పరీక్షలు చేస్తూ, స్థాయి చూసుకుంటూ ఇచ్చారు. మీ రక్తాన్ని ఏడు వారాలుగా ఎవరూ చూడలేదు. ఈ మందు రక్తాన్ని చిక్కబరుస్తుంది. హెమటోక్రిట్ అనే లెక్క 54 శాతం దాటితే డాక్టర్లు చికిత్స ఆపేస్తారు. మీది ఎంత ఉందో తెలుసుకోవడానికి రక్తకణాలను లెక్కపెట్టే మామూలు సీబీపీ పరీక్ష చాలు. ఈ వారమే చేయించుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

శనివారం ఇంజెక్షన్ వేయించుకుని, సోమవారం ఏమీ ఎరగనట్టు శాంపిల్ ఇవ్వడం ఒకటి. దాని పర్యవసానం పైన చెప్పాను. రిపోర్టు ఎలా వచ్చినా అబద్ధం ఇంకో మెట్టు పైకెక్కుతుంది.

ఎవరికీ చెప్పకుండా మీ అంతట మీరే ఆపేయడం రెండోది. చాలామంది ఇదే చేస్తారు. 'ఆపేశానుగా, ఇక చెప్పేదేముంది' అనుకుంటారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఇంజెక్షన్ ఒంట్లోంచి పోతుంది, మీ సొంత మోటారు ఇంకా మొదలవ్వదు. ఆ మధ్య కొన్ని వారాలు, కొందరికి నెలలు, మునుపటికంటే నీరసంగా, దిగులుగా ఉంటుంది. ఆ రోజుల్లోనే మనిషి మళ్లీ ట్రైనర్ దగ్గరికి పరిగెడతాడు. 'ఆపితే మళ్లీ చచ్చుబడిపోతాను' అన్న మీ భయం నిజమయ్యే కాలం అది, కానీ అది గడిచిపోయే కాలం. ముందే తెలిసి, పక్కన ఒక మనిషి ఉంటే గడుస్తుంది. దిగులు మరీ ముదిరి, బతుకు మీదే విసుగు పుడితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు. రెండో చిక్కు, వీర్య పరీక్ష ఫలితాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాల్సిన డాక్టర్ చీకట్లోనే ఉండిపోతారు.

మూడోది, డాక్టర్‌కి చెప్పి భార్యకు తర్వాత చెప్పడం. మొదటి అడుగుగా ఇది తప్పేమీ కాదు. శనివారం లోపు ఒక ఎండోక్రినాలజిస్ట్‌నో (హార్మోన్ల డాక్టర్) ఆండ్రాలజిస్ట్‌నో (మగవాళ్ల సంతాన సమస్యల డాక్టర్) ఒంటరిగా కలిసి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. వాళ్లు మిమ్మల్ని తిట్టరు, ఇలాంటివి వాళ్లు చాలా చూస్తున్నారు. ఇంజెక్షన్ ఆపమంటారు. హార్మోన్ పరీక్షలు చేస్తారు, అవసరమైతే వృషణాలను మళ్లీ పనిలోకి దించే క్లోమిఫిన్ మాత్రలో, హెచ్‌సీజీ ఇంజెక్షన్లో ఇస్తారు. ఏది, ఎంత అన్నది మీ పరీక్షలు చూసినవాళ్లు చెప్పాలి, నేను చెప్పను. ఆ మాత్రలు కూడా జిమ్‌లో దొరుకుతాయి, అక్కడ కొనకండి. కాకపోతే ఈ దారిలో మీకు గడువు కొద్ది రోజులే. ఫెర్టిలిటీ సెంటర్‌లో ఫైలు ఇద్దరిదీ కలిపి ఒకటే. తన ఒంటి మీద జరిగే ప్రతి చికిత్సకూ సంతకం పెట్టేది ఆమె. తెలియాల్సింది తెలియకుండా ఆమెతో పెట్టించే సంతకానికి విలువేముంటుంది?

నాలుగోది, సోమవారానికి ముందే ఆమెకు చెప్పడం. కష్టమైనదీ ఇదే, నా మనసు మొగ్గేదీ దీనివైపే. కోపం వస్తుంది. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ వేడినీళ్ల సంచి సాయంత్రం గుర్తొచ్చి ఏడవొచ్చు, ఆ ఏడుపు న్యాయమైనదే, దాన్ని ఆపే ప్రయత్నం చేయకండి. కానీ రిపోర్టులో సున్నా చూశాక తెలియడానికీ, మీ నోటి నుంచి ముందే వినడానికీ చాలా తేడా ఉంది. మాటలు వెతుక్కోవాల్సి వస్తే ఇలా మొదలుపెట్టొచ్చు: "ఏడాదిగా నాకు బాగాలేదు, నీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఒక ఇంజెక్షన్ తీసుకున్నాను. దానివల్ల మనకు పిల్లలు ఆలస్యం కావొచ్చని ఇప్పుడు తెలిసింది. ఆపేశాను." ట్రైనర్‌నీ, ఆఫీసునీ, అమ్మనీ ఆ మొదటి నాలుగు వాక్యాల్లోకి తీసుకురాకండి. ముందు మీ వంతు చెప్పండి.

మీ సిగ్గు నాకు అర్థమవుతుంది. బస్టాండు గోడల మీద 'నరాల బలహీనత' అని ఎర్రరంగుతో రాసిన ప్రకటనలు చూస్తూ పెరిగాం మనమందరం. ఇప్పుడదే గోడ ఫోన్‌లోకి వచ్చింది, నరాల బదులు 'లో టెస్టోస్టెరాన్' అని రాసి ఉంది. మగాడు అలిసిపోయానని చెప్పుకోవడానికి మన ఇళ్లలో చోటు లేదు. అందుకే మీరు డాక్టర్‌కి చెప్పాల్సింది ట్రైనర్‌కీ, భార్యకు చెప్పాల్సింది ఉత్తరంలో నాకూ చెప్పారు.

మీ అమ్మగారి మాట ఒకటి మిగిలింది. పుట్ట దగ్గర ఆ మాట అన్నప్పుడు మీరు మౌనంగా ఉన్నారని మీరే రాశారు. ఎవరూ అడగకపోయినా రాశారంటే అది మిమ్మల్ని తొలుస్తోంది. అమ్మకు ఇంజెక్షన్ల కథ చెప్పాల్సిన పనిలేదు, అది మీ ఇద్దరిదీ. కానీ ఈసారి ఫోన్‌లో "విశేషమేమైనా ఉందా" అని అడిగితే, "పరీక్షలు చేయిస్తున్నాం అమ్మా. తనకన్నీ బాగున్నాయి. నాకే మందులు వాడాలి, టైమ్ పడుతుంది. తనని ఏమీ అనొద్దు" అని చెప్పొచ్చు. మీ భార్య పక్కన ఉండగా చెబితే ఇంకా మంచిది.

మందు ఆపాక మీ చేతిలో ఉన్న పెద్ద పని నిద్ర. షిఫ్టు మార్చమని అడగగలరేమో చూడండి, డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే కొన్ని కంపెనీలు వింటాయి. మార్చకపోతే పడుకునే గదికి మందపాటి కర్టెన్లు, ఏడు గంటల పాటు ఫోన్ బయట. గురకకు స్లీప్ స్టడీ. బరువు తగ్గేకొద్దీ టెస్టోస్టెరాన్ దానంతటదే పెరుగుతుంది, ఎంత తగ్గితే అంత. జిమ్ మానక్కర్లేదు, ఆ ట్రైనర్‌ని మారిస్తే చాలు. ఒంట్లోంచి మందు పూర్తిగా పోయాక ఎప్పుడు పరీక్షించాలో డాక్టర్ చెబుతారు. అప్పుడు సరైన వేళకు రెండుసార్లు చూస్తే, 238 మీదో కాదో తేలుతుంది. రక్తం ఇచ్చేటప్పుడు మీ షిఫ్టు, ముందు రోజు ఎన్ని గంటలు పడుకున్నారో ల్యాబులో కాదు, డాక్టర్‌కి చెప్పండి.

సోమవారం పరీక్ష మానుకోకండి. డాక్టర్‌కి విషయం తెలిసి చేసిన పరీక్ష అయితే, ఎంత తక్కువ వచ్చినా పనికొస్తుంది. మూడు నెలల తర్వాతి రిపోర్టును దానితో పోల్చి చూడొచ్చు. కొన్ని కణాలు ఉంటే భద్రపరచాలా అన్నది కూడా అడగండి. ఆ రెండు సీసాలు పారేయకండి. రెయిన్‌కోటు కింద నుంచి తీసి, ఫైలుతో పాటు తీసుకెళ్లండి. లోపల ఏ రకం టెస్టోస్టెరాన్ ఉంది, ఒంట్లోంచి పోవడానికి ఎన్ని వారాలు పడుతుంది అన్నది డాక్టర్ ఆ లేబుల్ చూసే చెప్పాలి.